హాస్టల్లో ఉండే కుర్రవాడి ఓటు సొంత ఊళ్ళోనా, విజయవాడలోనా?

పల్నాడు_కుర్రవాడు:
అందరికీ నమస్కారం. మాది పిడుగురాళ్ల దగ్గర పల్లెటూరు. విజయవాడ హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. 19 ఏళ్ళు నిండాయి కానీ ఇంతవరకు ఓటు లేదు. నిన్న నాన్న ఫోను చేసి, "నీ ఫోటో, పదో తరగతి సర్టిఫికెట్ పంపించు, ఊళ్ళో రాయించేస్తాను. సంతకం సంగతి కూడా ఇక్కడ చూసుకుంటారు" అన్నారు. నా గదిలో ఉండే చీరాల అబ్బాయి మాత్రం ఇక్కడే నమోదు చేసుకుంటున్నాడు. నన్నూ రమ్మంటున్నాడు. నా సందేహం నిబంధన గురించి మాత్రమే కాదు. నాలుగేళ్ళు చదువుకుని వెళ్ళిపోయేవాడు ఈ ఊరి ఓటరు కావడం న్యాయమేనా?

సత్యనారాయణపురం_తాత:
న్యాయమే బాబూ. ఏడాదిలో పది నెలలు నువ్వు తాగేది ఇక్కడి నీళ్ళు, నడిచేది ఇక్కడి రోడ్ల మీద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయినప్పుడు అద్దె గదుల్లో ఉన్న పిల్లలు మేడల మీదికెక్కి పాల ప్యాకెట్ల కోసం చేతులు చాచారు. మా అల్లుడి ఇల్లు అటువైపే, ఆ నాలుగు రోజులూ మాకు గుర్తున్నాయి. ఆ కాలువ గట్టు ఎవరు బాగుచేయాలో అడిగే హక్కు ఆ పిల్లలకు లేదంటే ఎలా?

ఇంకొకటి. 2019లో మా విజయవాడ సెంట్రల్ నియోజకవర్గంలో గెలిచినవారికీ ఓడినవారికీ మధ్య తేడా 25 ఓట్లు. మీ హాస్టల్లో ఒక్క అంతస్తులో అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

మిర్చియార్డు:
తాతగారూ, మీరు గొప్పగా చెప్పిన ఆ లెక్కే నాకు భయం పుట్టిస్తోంది. 25 ఓట్లతో తేలే చోట, రేపు రైలెక్కి బెంగళూరు వెళ్ళిపోయే మూడు వందల మంది పిల్లలు ఎమ్మెల్యేను నిర్ణయిస్తే, ఆ తర్వాత అయిదేళ్ళు ఆయనతో వేగేది ఎవరు? మీరే.

నేను రైతును. మా అబ్బాయి కూడా విజయవాడలోనే చదివాడు, ఓటు ఊళ్ళోనే ఉంచాను. పంచాయతీ ఎన్నికల జాబితాను అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తయారు చేస్తారు. పేరు విజయవాడకు మార్చుకున్న రోజునే సర్పంచిని ఎన్నుకునే హక్కు పోతుంది. ఊరి చెరువు, పొలానికి వెళ్ళే డొంక, శ్మశానానికి దారి, వీటి గురించి ఎవరు మాట్లాడాలి? చదువుకున్న పిల్లల ఓట్లన్నీ పట్నాలకు తరలిపోతే ఊళ్ళో మిగిలేది మాలాంటి ముసలివాళ్ళం, మమ్మల్ని వాహనాలెక్కించి తీసుకువెళ్ళేవాళ్ళు.

బెంజ్_సర్కిల్:
మరి అద్దెకున్న ఉద్యోగుల సంగతి ఏమిటండీ? వాళ్ళూ మూడేళ్ళకొకసారి బదిలీ అయి వెళ్ళేవాళ్ళే. వాళ్ళ ఓట్ల గురించి మీరెప్పుడూ బెంగపడలేదు. పిల్లల దగ్గరికి వచ్చేసరికే ఈ అనుమానాలు పుడతాయి.

మిర్చియార్డు:
ఉద్యోగి సంసారంతో ఉంటాడు, పన్ను కడతాడు. పిల్లవాడికి అన్నం పెట్టేది ఊరు.

బెంజ్_సర్కిల్:
పన్ను కట్టినవాడికే ఓటు అన్నది తెల్లదొరల కాలం నాటి పద్ధతి. దాన్ని వదిలించుకున్నాం కదా.

మాజీ_బీఎల్వో:
గుంటూరులో కొన్నేళ్ళు బూత్ స్థాయి అధికారిగా పనిచేశాను. పట్టుకుని తిరిగిన జాబితాలు ఇంకా కలలోకి వస్తుంటాయి. మీ వాదన బాగానే ఉంది కానీ చట్టం మీ ఇద్దరి పక్షానా కొంత ఉంది, అది చెబుతాను.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటరు కావడానికి 'సాధారణ నివాసి' అయి ఉండాలంటుంది. ఫలానా చోట సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాడు. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్ళినంత మాత్రాన నివాసం పోదు కూడా. అందుకే హాస్టల్ విద్యార్థుల విషయంలో ఎన్నికల సంఘం ఎంపిక వాళ్ళకే వదిలింది. తల్లిదండ్రుల దగ్గరైనా ఉంచుకోవచ్చు, హాస్టల్ చిరునామాతోనైనా తీసుకోవచ్చు. హాస్టల్ చిరునామా అయితే చదివేది గుర్తింపు పొందిన కోర్సు కావాలి, అది కనీసం ఏడాది కాలానిదై ఉండాలి, ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ వంటివారు ధ్రువపత్రం ఇవ్వాలి. మూడు నెలల కోచింగ్‌కు వచ్చినవారికి ఈ దారి లేదు. బాబుకు ఇంతవరకు ఓటు లేదు కాబట్టి ఎక్కడైనా ఫారం 6. ముందే ఊళ్ళో ఓటుండి ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8.

ఇక నన్ను కుర్చీలోంచి లేపిన మాట వేరే ఉంది. 'సంతకం సంగతి ఇక్కడ చూసుకుంటారు' అని మీ నాన్నగారు అన్నారు చూశావా, అది వద్దు నాయనా. ఆ ఫారం చివర ఉండేది నువ్వు ఇచ్చే వాంగ్మూలం. నేను భారత పౌరుణ్ణి, ఈ చిరునామాలో ఉంటున్నాను, ఇంకెక్కడా నాకు ఓటు లేదు అని నువ్వు చెబుతున్నావు. అందులో తప్పుడు సమాచారం ఇస్తే అదే చట్టంలోని 31వ సెక్షను ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఎవరో పెట్టిన సంతకానికి నువ్వు జవాబు చెప్పుకోవాలా? ఇంట్లో పెద్దలు ప్రేమతోనే చేస్తారు, కాదనను. నా దగ్గరికి వచ్చిన కొత్త ఓటర్ల ఫారాల్లో ఒకే చేతిరాతతో పది సంతకాలున్నవి కూడా చూశాను. ఆ పిల్లల్లో కొందరికి ఫారం ఇచ్చినట్టే తెలియదు.

హైదరాబాద్_గుంటూరోడు:
ఇంత తర్జనభర్జన ఎందుకండీ, రెండు చోట్లా ఉంచుకుంటే సరిపోతుంది. నాకు తెలిసినవాళ్ళు చాలామంది 2023 నవంబరు 30న హైదరాబాద్‌లో అసెంబ్లీకి వేశారు, 2024 మే 13న గుంటూరు వచ్చి వేశారు. పంతంగి టోల్ గేటు దగ్గర బారులు తీరిన కార్లన్నీ ఎవరివనుకున్నారు?

మాజీ_బీఎల్వో:
ఒక చోటి నుంచి మరో చోటికి నిజంగా నివాసం మారి, మధ్యలో ఫారం 8 ఇచ్చి మార్పించుకుని వేసినవారిది తప్పు కాదు. రెండు జాబితాల్లోనూ పేరు ఉంచుకుని వేసినవారిది మాత్రం తప్పే. ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదని 17వ సెక్షను చెబుతుంది. మే 13న తెలంగాణలో లోక్‌సభకూ మన రాష్ట్రంలో అసెంబ్లీ, లోక్‌సభలకూ ఒకే రోజు పోలింగు పెట్టడంతో ఆ రోజైనా ఏదో ఒక ఊరు ఎంచుకోక తప్పలేదు. పిల్లలు చదువుతున్న చోట ఇలాంటి సలహా ఇవ్వకండి.

హైదరాబాద్_గుంటూరోడు:
సరే తల్లీ, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పనిచేసే ఊళ్ళోనే కూర్చుని సొంత ఊరి ఓటు వేసే ఏర్పాటుంటే ఈ తిప్పలు ఉండవు కదా. 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు చూపించిన దూర ఓటింగు యంత్రం అందుకే కదా? పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది. సైనికులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది, 85 దాటినవారికి ఇంటి దగ్గరే ఓటు ఉంది. విద్యార్థికి మాత్రం బస్సు టికెట్టు.

లబ్బీపేట_విద్యార్థి:
ధ్రువపత్రం అంటున్నారు, దాని కథ వినండి. ఏటా జనవరి 25న ఓటర్ల దినోత్సవం పేరుతో మా కాలేజీలో అందరినీ నిలబెట్టి, చెయ్యి ముందుకు చాపించి ప్రతిజ్ఞ చేయిస్తారు. ఫోటోలు తీస్తారు. మరుసటి వారం ఓటు కోసం ధ్రువపత్రం అడిగితే ఫీజు బాకీ తీర్చి రమ్మన్నారు. ఓటుకూ ఫీజుకూ సంబంధం ఏమిటని అడిగాను. గుమాస్తాగారు నన్ను పైనుంచి కిందికి చూసి తర్వాతి వాణ్ణి పిలిచారు.

బెంజ్_సర్కిల్:
నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికి రాతపూర్వకంగా చెప్పు తమ్ముడూ. 1950 నంబరుకు కూడా ఫోను చేయవచ్చు.

అరండల్‌పేట_అక్క:
ఇంతసేపూ అబ్బాయి ఓటు ఊళ్ళోనా పట్నంలోనా అని మాట్లాడుకుంటున్నారు. మా ఇంట్లో సంగతి చెప్పనా? అన్నయ్యకు 18 నిండిన ఏడాదే నాన్న ఓటు రాయించారు. నాకు నిండినప్పుడు అడిగితే, 'రేపో మాపో పెళ్ళయి వెళ్ళేదానివి, అక్కడ రాయించుకుంటావులే' అన్నారు. పెళ్ళి 26 ఏళ్ళకయింది. ఎనిమిదేళ్ళు నేను ఏ ఊరి మనిషినీ కాదు. అత్తగారింటికి వచ్చాక పెళ్ళి కార్డు, ఆధార్‌లో చిరునామా, ఇంటి పేరు మార్పు అంటూ ఇంకో ఏడాదిన్నర. మొదటిసారి పోలింగు కేంద్రంలో నా వేలికి సిరా పూసేనాటికి నా కూతురికి ఏడాది.

మిర్చియార్డు బాబాయిగారూ, పట్నానికి పోయే ఓటు గురించి మీరు బాధపడుతున్నారు. పుట్టింట్లో అసలు పుట్టనే పుట్టని ఓట్ల సంగతి కూడా కాస్త చూడండి.

మిర్చియార్డు:
అమ్మా, నీ మాట గుచ్చుకుంది. మా అమ్మాయికి కూడా నేను అదే చెప్పాను. ఇప్పుడు తను ఇంటర్మీడియట్ అయ్యి డిగ్రీలో ఉంది.

మాజీ_బీఎల్వో:
ఇప్పుడైనా మించిపోయింది లేదు అన్నగారూ. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండకపోతే ఏడాదంతా ఆగవలసి వచ్చేది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తున్నాయి. 17 నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 18 వచ్చాక కార్డు ఇస్తారు. పెళ్ళయ్యాక ఫారం 8తో ఓటు మారుతుంది. మొదటి ఓటు లేనప్పుడే కష్టమంతా.

సత్యనారాయణపురం_తాత:
మా కాలంలో 21 ఏళ్ళు. 1989 నుంచి 18కి దించారు. మూడేళ్ళు ముందే పెద్దరికం ఇచ్చినా సంతకం మాత్రం నాన్నలు వదలడం లేదన్నమాట.

కొత్తపేట_గుంటూరు:
ఒక చిన్న సందేహం. నాకు ఆధార్ ఉంది, లైసెన్సు ఉంది, పాన్ ఉంది. పోలింగు రోజున అవి చూపించినా ఒప్పుకుంటారు కదా, మళ్ళీ ఓటరు కార్డు కోసం ఈ తంటా ఎందుకు?

మాజీ_బీఎల్వో:
అందరూ ఇక్కడే బోల్తా పడతారు. అవి నువ్వు నువ్వేనని చూపించడానికి పనికొస్తాయి. ఓటు ఉండేది జాబితాలో. జాబితాలో పేరుంటే కార్డు ఇంట్లో మరిచిపోయినా లైసెన్సు చూపించి వేయవచ్చు. పేరు లేకపోతే మెడలో ఓటరు కార్డు వేలాడదీసుకుని వచ్చినా వేయనివ్వరు. పోలింగు రోజు ఉదయం కార్డు చూపిస్తూ నా మీద అరిచినవాళ్ళలో సగంమంది ఇల్లు మారి, పేరు తొలగిపోయినవాళ్ళే. నామినేషన్ల గడువు దాటాక ఎవరూ ఏమీ చేయలేరు. పోలింగు రోజు ఒప్పుకునే గుర్తింపు పత్రాల్లో కాలేజీ గుర్తింపు కార్డు లేదు, అది కూడా గుర్తుంచుకోండి.

పల్నాడు_కుర్రవాడు:
అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు ఆలోచించాను. తాతగారి మాట నిజమే, నేను ఉండేది ఇక్కడే. అయినా విజయవాడలో మా వార్డు కార్పొరేటర్ ఎవరో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఇంతవరకు అనిపించలేదు. మా ఊరి బడిలో అయిదో తరగతికి పంతులు ఎన్ని నెలలు లేరో మాత్రం చెప్పగలను. అందుకే ఊళ్ళోనే తీసుకుంటున్నాను. చీరాల అబ్బాయి ఇక్కడే తీసుకున్నాడు. అతను వార్డు సచివాలయం చుట్టూ హాస్టల్ ముందు మురుగు కాలువ గురించి ఆరుసార్లు తిరిగినవాడు, అతనికి అదే సరి.

కానీ ఫారం నేనే ఫోనులో నింపాను. నాన్నకు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను రాయిస్తే తప్పేముంది, నా మీద నమ్మకం లేదా?" అన్నారు. నమ్మకం గురించి కాదు నాన్నా, కింద నా పేరు ఉంది కదా అన్నాను. "ఓటు కూడా నీ ఇష్టమేనా?" అన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

మిర్చియార్డు:
నవ్వుతారులే. పోలింగు రోజు నువ్వు బస్సు దిగితే నవ్వుతారు.

సత్యనారాయణపురం_తాత:
ఊళ్ళో తీసుకున్నావు, సరే. ఆ రోజు పరీక్ష ఉంది, బస్సు దొరకలేదు అని మాత్రం ఇక్కడికి వచ్చి రాయకు. మూడు గంటల ప్రయాణం.

పల్నాడు_కుర్రవాడు:
రాయను తాతగారూ. ఇంకో మాట, అక్క చెప్పింది చదివాక మా చెల్లిని అడిగాను. గుంటూరులో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, 17 నిండాయి. తన పేరుతో కూడా ముందస్తు దరఖాస్తు మొదలుపెట్టాం. నింపేది తనే, నేను పక్కన ఫోను పట్టుకుని ఉన్నాను. హాస్టల్ గోడ ఆకుపచ్చగా ఉండటంతో ఫోటో బాగా రాలేదు. ఆదివారం తెల్ల దుప్పటి కట్టి మళ్ళీ తీయాలి.