ఉప్పునీటి ట్యాంకు అద్దం మీద గుడ్లు: ఏ నత్తవి, పిల్లలు ఎందుకు మిగలవు?

నీటిపాచి:
200 లీటర్ల రీఫ్ (పగడాల) ట్యాంకు, పెట్టి 14 నెలలు. ఉప్పుదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35), వేడి 26 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8.5, కాల్షియం 420. నత్తల్లో నసారియస్ ఆరు, సెరిత్ నాలుగు, ట్రోకస్ మూడు ఉన్నాయి. చేపలు క్లౌన్ జంట ఒక్కటే.

ముందు అద్దం మీద రెండు రకాల గుడ్లున్నాయి. ఒకటి, నువ్వుగింజ కన్నా చిన్నగా, గాజులా మెరిసే పొక్కులు, వరసగా అతుక్కుని ఉన్నాయి. రెండోది, తెల్లటి సన్న దారం, మెలికలు మెలికలుగా. ఇవి కాక, నీళ్లు మార్చిన సాయంత్రం ఒక ట్రోకస్ పైకెక్కి పొగలాంటిది వదిలింది. గంటసేపు నీళ్లు మసకగా ఉన్నాయి. ఏవి దేనివి? గీకెయ్యాలా, ఉంచాలా? ఒక్క పిల్లా ఎందుకు కనబడదు?

సున్నపురాయి:
పొక్కులు నసారియస్‌వి, మెలికల దారం సెరిత్‌ది. రెండింటితోనూ ట్యాంకుకి ఏ హానీ లేదు, గీకక్కర్లేదు.

భూతద్దం పట్టుకుని పక్కనుంచి టార్చ్ వేసి చూడండి. ఒక్కో పొక్కులో పదుల కొద్దీ తెల్ల చుక్కలుంటాయి. రోజులు గడిచేకొద్దీ అవి బూడిదరంగుకి తిరిగి, లోపలే గిరగిరా కదులుతాయి. ఆ తర్వాత పొక్కు పైన చిన్న రంధ్రం పడి ఖాళీ తొడుగు మిగులుతుంది. అంటే గుడ్లు పాడవలేదు, పిల్లలు బయటికి వెళ్లిపోయాయి. కాకపోతే వచ్చింది నత్త ఆకారంలో కాదు, వెలిజర్ అనే ఈదే లార్వాగా. దానికి వారాల తరబడి నీళ్లలో తేలే సూక్ష్మ నాచే తిండి. మన ట్యాంకులో ఆ నాచు దాదాపు ఉండదు. లార్వాలు చిక్కుకుపోవడానికి పంపు, స్కిమ్మర్ (నురగతో మురికి లాగే పరికరం), ఫిల్టర్ గుడ్డ, పగడాల నోళ్లు మాత్రం ఉంటాయి. పిల్లలు కనబడకపోవడానికి కారణం ఇదే, మీ నీళ్లలో లోపం కాదు.

అలలగూడు:
నసారియస్ పిల్లల్ని పెంచి చూడాలంటే విడిగా పెంచాల్సిందే. పని చాలానే ఉంటుంది, ముందే తెలుసుకుని దిగండి.

పొక్కులు బూడిదరంగుకి తిరిగాక పాత ప్లాస్టిక్ కార్డు అంచుని అద్దానికి ఆనించి, కింది నుంచి మెల్లగా తోసి ఊడదీయండి. బ్లేడు వాడితే పొక్కు చిట్లుతుంది. 5 లీటర్ల గాజు జాడీలో అదే ట్యాంకు నీళ్లు పోసి అందులో వెయ్యండి. గాలికి ఎయిర్‌స్టోన్ పెట్టొద్దు. దాని సన్న బుడగలు లార్వాల గుల్లకి అంటుకుని వాటిని పైకి లాగేస్తాయి, నీటి పైపొరలో ఇరుక్కుని చచ్చిపోతాయి. గట్టి ప్లాస్టిక్ గొట్టం ఒక్కటి, సెకనుకి ఒకటి రెండు పెద్ద బుడగలు వచ్చేలా పెడితే చాలు.

తిండికి బతికున్న ఐసోక్రైసిస్ అనే సూక్ష్మ నాచు. నీళ్లు పల్చటి టీ రంగులో ఉండాలి, జాడీ వెనక పెట్టిన అక్షరాలు చదవగలగాలి. అంతకన్నా చిక్కబడితే అడుగున పేరుకుని కుళ్లుతుంది, వెంటనే సీలియేట్లు అనే సూక్ష్మజీవులు పెరిగి జాడీని ఆక్రమిస్తాయి. సీసాల్లో అమ్మే నాచు ముద్దతోనూ ఇదే తంటా. రెండు రోజులకోసారి సగం నీళ్లు మార్చండి. నీళ్లు లాగే గొట్టం మూతికి 60 మైక్రాన్ల (0.06 మిల్లీమీటర్ల) రంధ్రాల జాలీ కట్టి లాగితే లార్వాలు పోవు. పోసే నీళ్ల ఉప్పుదనం, వేడి రెండూ సరిపోలాలి.

ఈదడం తగ్గి అడుగుకి దిగుతున్నప్పుడు ట్యాంకులోని పాత ఇసుక చెంచాడు వెయ్యండి. కడిగిన కొత్త ఇసుక పనికిరాదు. నసారియస్ లార్వా జీవం పట్టిన ఇసుక ఆనవాలు దొరికితేనే స్థిరపడి నత్తగా మారుతుంది.

సున్నపురాయి:
ఇంత శ్రమ లేకుండా పిల్లలు కావాలంటే మీ ట్రోకస్ మీద ఆశ పెట్టుకోండి. ఆ పొగ గుడ్లో, వీర్యమో. ఒకటి వదిలితే మిగతావీ అందుకుంటాయి. దాని లార్వాకి పచ్చసొన సొంతంగా ఉంటుంది, తిండి అక్కర్లేదు, కొద్ది రోజుల్లోనే రాతికో అద్దానికో అంటుకుంటుంది. అందుకే మామూలు ఇళ్ల ట్యాంకుల్లోనూ ట్రోకస్ పిల్లలు కనిపిస్తాయి.

మళ్లీ పొగ వదిలితే స్కిమ్మర్, ఫిల్టర్ గుడ్డ ఒక రోజు ఆపి, ఎయిర్‌పంపు మాత్రం తప్పక నడపండి. నీళ్లు బాగా తెల్లబడి చేపలు పైకొచ్చి ఊపిరి కోసం గుటకలేస్తుంటే పిల్లల సంగతి వదిలేసి స్కిమ్మర్ వెయ్యండి, 15 శాతం నీళ్లు మార్చండి. ఆక్సిజన్ పడిపోతే ముందు పోయేది చేపలే. వెనక అద్దం గీకడం మానండి. పిల్లలకి తిండి ఆ గోధుమరంగు పాచే. రాగి ఉన్న చేపల మందు ఈ ట్యాంకులో ఎప్పుడూ వాడకండి, నత్తలన్నీ పోతాయి.

నీటిపాచి:
రాత్రి టార్చ్ వేస్తే రాళ్ల మీద 3 మిల్లీమీటర్ల తెల్ల నత్తలు చాలా కనిపిస్తున్నాయి. ఇవి ట్రోకస్ పిల్లలేనా?

అలలగూడు:
ఆకారం చూడండి. కోసుగా గోపురంలా ఉండి చారలుంటే ట్రోకస్. గుండ్రంగా, పొట్టిగా ఉంటే కొలోనిస్టా అనే వేరే నత్త, పెద్దయినా అంతే సైజు, నాచు తింటుంది, హాని లేదు. బియ్యపు నూకలా సన్నగా, పొడుగ్గా ఉండి పెద్ద ట్రోకస్ గుల్ల అంచున గుంపుగా కూర్చుంటే మాత్రం పిరమిడెల్లిడ్ అనే పరాన్నజీవి నత్త, ట్రోకస్ ఒంట్లోని రసం పీలుస్తుంది. ట్రోకస్‌ని బయటికి తీసి, ట్యాంకు నీళ్లున్న గిన్నెలో టూత్‌బ్రష్‌తో గుల్ల అంచు రుద్దండి. గుల్లకి అంటిన జిగురు ముద్దలు పిరమిడెల్లిడ్ గుడ్లు, అవీ పోవాలి. ఆ గిన్నె నీళ్లు తిరిగి ట్యాంకులో పోయొద్దు. రెండు మూడు వారాలు రాత్రిపూట చూసి, కనబడినప్పుడల్లా ఇలాగే చెయ్యండి.