పాట పెట్టగానే సర్వో వణుకుతోంది: పీడబ్ల్యూఎం, ఆడియో గొడవా?

అందరికీ నమస్కారం. రాస్‌ప్‌బెర్రీ పై 3 (చిన్న కంప్యూటర్ బోర్డు)లో జీపీఐఓ 18 అనే సిగ్నల్ పిన్ను (బోర్డు మీద వరసలో 12వ పిన్ను) నుంచి ఒక చిన్న సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి నిలబడేది) నడుపుతున్నాను. సాఫ్ట్‌వేర్ పీడబ్ల్యూఎంతో (పల్సుల వెడల్పు మార్చి సంకేతం ఇచ్చే పద్ధతి) వణుకు ఎక్కువగా ఉందని, కాన్ఫిగ్ ఫైల్లో ఓవర్‌లే పెట్టి హార్డ్‌వేర్ పీడబ్ల్యూఎంకి మారాను. పీరియడ్ (ఒక పల్సు మొదలు నుంచి తర్వాతి పల్సు మొదలు దాకా సమయం) 2,00,00,000 నానోసెకన్లు, అంటే 50 హెర్ట్జ్. డ్యూటీ (పల్సు ఆన్‌లో ఉండే సమయం) 15,00,000 నానోసెకన్లు, అంటే పీరియడ్‌లో 7.5 శాతం. మల్టీమీటర్ సుమారు 0.25 వోల్టులు చూపిస్తోంది. 3.3 వోల్టుల్లో 7.5 శాతమంటే అంతే రావాలి కదా, కాబట్టి ఇక్కడిదాకా లెక్క సరిపోయింది. సర్వో కూడా మధ్యలో కదలకుండా నిలబడుతోంది.

చిక్కల్లా హెడ్‌ఫోన్ జాక్‌లో పాట పెట్టినప్పుడే. సర్వో పిచ్చెత్తినట్టు ఊగిపోయి ఒక మూలకి పోతుంది. పాట ఆపినా వెంటనే దారికి రాదు, పీరియడ్, డ్యూటీ మళ్ళీ రాయాల్సిందే. కరెంటు చాలక అనుకోవడానికి లేదు: సర్వోకి వేరే 5 వోల్టుల సప్లై ఇచ్చాను, గ్రౌండ్లు రెండూ కలిపాను.

ఈ బోర్డులో అనలాగ్ ఆడియో కూడా అదే పీడబ్ల్యూఎం బ్లాకుని వాడుకుంటుందని నా అనుమానం. నిజమైతే, జీపీఐఓ 19లోని రెండో ఛానెల్‌కి మారినా లాభం ఉండదేమో? జాక్‌ని వదులుకుని యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకోవడమా, సర్వోకి విడిగా పీసీఏ9685 లాంటి, పీడబ్ల్యూఎం తనే తయారుచేసే చిప్ పెట్టడమా? రెండూ వాడి చూసినవాళ్ళు ఏది మేలో చెప్పగలరా?