వేడెక్కితే ఆగిపోతున్న 1968 లాంబ్రెటా: ఎక్కడ మొదలుపెట్టి చూడాలి?

ప్రశ్న: అరండల్‌పేట వాసి, గుంటూరు

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1968లో కొన్న లాంబ్రెటా ఎల్ఐ 150, రెండవ సిరీస్ స్కూటరు మా ఇంట్లో ఉంది. ఇటలీలోని ఇన్నోసెంటి కంపెనీ లైసెన్సుతో బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా తయారుచేసిన బండి ఇది. నాన్నగారు పెదకాకాని బడిలో పనిచేసినన్నాళ్లూ దీని మీదే వెళ్లి వచ్చేవారు. ముందు నిలబడి హ్యాండిలు పట్టుకుని ప్రయాణించిన జ్ఞాపకం నాకూ మా చెల్లెలికీ ఇంకా చెదరలేదు. ఆయన పోయిన తరువాత పదకొండేళ్లు వరండాలో గోనెపట్టా కింద ఉండిపోయిన బండిని మొన్న సంక్రాంతికి బయటికి తీసి, ట్యాంకు కడిగించి, కార్బొరేటరు శుభ్రం చేయించి, కేబుళ్లు, టైర్లు, ప్లగ్గు కొత్తవి వేయించాను.

ఇప్పుడు ఉదయం పూట రెండో కిక్కుకే స్టార్టవుతుంది. గుంటూరు దాటి జాతీయ రహదారి మీద నంబూరు వరకు ఏ ఇబ్బందీ ఉండదు. కాజ దగ్గరకు వచ్చేసరికి, అంటే సుమారు పదిహేను కిలోమీటర్లు నడిచాక, రెండు మూడు సార్లు తడబడి ఆగిపోతుంది. అప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టవదు. అరగంట చెట్టు నీడన నిలిపితే మళ్లీ ఏమీ జరగనట్టే స్టార్టయి, ఈసారి నాలుగైదు కిలోమీటర్లకే ఆగుతుంది.

బండిని చూసిన మెకానిక్కు, పాత ఇగ్నిషన్ (ప్లగ్గుకు మెరుపు పంపే ఏర్పాటు) మొత్తం తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించుకొమ్మన్నారు. నాన్నగారు తన చేతులతో పాయింట్లు (ఆ ఏర్పాటులో కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్చు) సరిచేసుకున్న బండి కాబట్టి, తప్పనిసరి అయితే తప్ప ఆ భాగాలు మార్చడం నాకు ఇష్టం లేదు. అసలు తప్పు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి? ఆర్‌సీ ఇప్పటికీ నాన్నగారి పేరు మీదే ఉంది, గడువు కూడా తీరిపోయింది. దాని సంగతీ తెలిసినవారు చెప్పగలరు. బెజవాడలో ఇటువంటి బండ్లు నడిపేవారు ఎవరైనా ఉంటే వారిని కలవాలని కూడా ఉంది.

జవాబు 1: ఆటోనగర్ పాతబండ్లు, విజయవాడ

అరండల్‌పేట వాసి గారికి నమస్కారం. మీరు లక్షణాలను ఇంత వివరంగా రాయడం వల్ల పని సగం తేలికయింది. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ నడిచే బండిలో సాధారణంగా అనుమానించవలసినవి రెండు: ప్లగ్గుకు కరెంటు రాకపోవడం, లేదా పెట్రోలు దిగకపోవడం. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి బండి ఆగిపోయిన ఆ రెండు నిమిషాలే మీకు దొరికే సమయం. చల్లారాక ఇంటికి తెచ్చి చూస్తే ఏ మెకానిక్కుకూ ఏమీ కనబడదు. కాబట్టి ఈసారి వెళ్లేటప్పుడు ప్లగ్గు స్పానరు, మంచి ప్లగ్గు మరొకటి, ఒక గుడ్డ వెంట తీసుకువెళ్లండి.

బండి ఆగిన వెంటనే మొదట పెట్రోలు ట్యాంకు మూత తెరవండి. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, ధార సన్నబడి, చివరికి ఆగిపోతుంది. అటువంటప్పుడు మూత తెరవగానే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినబడుతుంది, బండి కూడా వెంటనే స్టార్టవుతుంది. అది కాకపోతే ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నట్టు, పొడిగా ఉంటే రావడం లేదన్నట్టు. తరువాత ఆ ప్లగ్గును దాని క్యాపులో పెట్టి, లోహపు భాగం ఇంజను హెడ్డుకు తగిలేలా ఉంచి, కిక్కు కొట్టండి. నీలంగా, చిటుక్కుమనే మెరుపు రావాలి. నారింజ రంగులో సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా కరెంటు వైపే చూడాలి.

నా అనుభవంలో ఇటువంటి వాటిలో ఎక్కువ సార్లు దొరికేది కండెన్సరు. లాంబ్రెటాలో కండెన్సరు, పాయింట్లు, కరెంటు పుట్టించే కాయిళ్లు అన్నీ మనం మాగ్నెట్ అని పిలిచే ఫ్లైవీలు వెనకనే, ఇంజను గోడకు ఆనుకుని ఉంటాయి. కండెన్సరు అంటే రెండు పలుచని లోహపు రేకుల మధ్య కాగితం వంటి పొర పెట్టి చుట్టిన చిన్న డబ్బీ. ఏళ్ల తరబడి ఆ పొర బలహీనపడితే, చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తూనే, వేడెక్కగానే లోలోపల కరెంటు కారిపోతుంది. అప్పుడు శక్తి ప్లగ్గుకు చేరకుండా పాయింట్ల దగ్గరే మెరిసిపోయి, పాయింట్లు కూడా నల్లబడతాయి. ఇంజను చల్లబడితే ఆ పొర మళ్లీ కాస్త కోలుకుంటుంది. మీ బండి చేస్తున్నది అచ్చంగా ఇదే. అయితే ఇది నా ఊహ మాత్రమే, పరీక్ష మీరు చేయాలి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచి వస్తువే, రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవారికి నేనే వేయించాను. కానీ తప్పు ఏదో తెలుసుకోకుండా అన్నీ మార్చేస్తే, ట్యాంకు మూతలో ఉన్న సమస్య ట్యాంకు మూతలోనే ఉండిపోతుంది.

మరొక మాట. పదకొండేళ్లు కదలకుండా ఉన్న బండి కాబట్టి, సిలిండరు చుట్టూ ఉండే రేకు తొడుగు విప్పించి చూడండి. ఈ ఇంజను ఎదురుగాలితో చల్లబడేది కాదు. ఫ్లైవీలు రెక్కలు విసిరే గాలి ఆ తొడుగు గుండా సిలిండరు రెక్కల మధ్యకు వెళితేనే చల్లబడుతుంది. ఆ రెక్కల మధ్య కందిరీగల మట్టిగూళ్లు గట్టిపడి ఉన్న బండ్లను నేను రెండింటిని చూశాను.

జవాబు 2: తెనాలి టూస్ట్రోక్

నా విజయ్ సూపర్ (లాంబ్రెటా యంత్రాలతోనే లక్నోలో తయారైన స్కూటరు) మూడు నెలలు ఇలాగే ఆగింది. రెండు కండెన్సర్లు, ఒక కాయిలు మార్చిన తరువాత తేలినదేమిటంటే, ట్యాంకు అడుగున పెట్రోలు కుళాయికి ఉన్న జాలీ తుప్పుపొడితో మూసుకుపోయింది. నిలబెడితే పెట్రోలు మెల్లగా దిగి కార్బొరేటరు గిన్నె నిండుతుంది కాబట్టి మళ్లీ స్టార్టయ్యేది. ట్యాంకు కడిగించినప్పుడు కుళాయి విప్పారో లేదో దయచేసి కనుక్కోండి.

ప్రశ్న వేసినవారు: అరండల్‌పేట వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న తెల్లవారుజామున వెళ్లి వచ్చాను. కాజ దాటాక ఆగింది. మూత తెరిచినా మార్పు లేదు. ప్లగ్గు తడిగా ఉంది, అంటే పెట్రోలు దిగుతున్నది. మెరుపు మాత్రం నారింజ రంగులో, రెండు మూడు కిక్కులకు ఒకసారి వచ్చింది. ఇంటికి వచ్చాక ఫ్లైవీలు కిటికీలోంచి టార్చి వేసి చూస్తే పాయింట్ల ముఖాలు నల్లగా, గుంట పడినట్టు ఉన్నాయి. సిలిండరు రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. కుళాయి జాలీ కొత్తదే వేశారట. ఇక కండెన్సరు మార్చాలంటే ఫ్లైవీలు విప్పాలి కదా, ఆ పనిలో జాగ్రత్తలు చెప్పగలరా?

జవాబు 1: ఆటోనగర్ పాతబండ్లు

చాలా సంతోషం. ఇది కండెన్సరే అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఫ్లైవీలును పుల్లరు అనే పనిముట్టుతోనే లాగాలి. సుత్తితో గానీ, వెనక నుంచి స్క్రూడ్రైవరు పెట్టి గానీ లేపనివ్వకండి. క్రాంకు (ఫ్లైవీలు బిగించే ఇరుసు) చివర వంగితే ఆ తరువాత ఆయిలు సీలు (ఆ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు కట్టు) ఎన్నిసార్లు మార్చినా నిలవదు, ఫ్లైవీలు రెక్కలు కూడా విరిగిపోతాయి. విప్పాక దాన్ని ఇనుప ముక్కలు, మేకులు పడి ఉన్న బల్ల మీద పెట్టకండి. అయస్కాంతానికి ఒక చిన్న మేకు అంటుకుని, తిరిగి బిగించినప్పుడు లోపలి కాయిళ్లన్నీ చీరుకుపోయిన బండి నా దగ్గరకు వచ్చింది. చాలాసేపు విడిగా ఉంచవలసి వస్తే అయస్కాంతాల మీదుగా ఒక మెత్తని ఇనుప పట్టీ వేసి ఉంచడం పాతవారి పద్ధతి, అయస్కాంత శక్తి తగ్గకుండా అది కాపాడుతుంది.

కొత్త కండెన్సరును మళ్లీ ఆ వేడిలోనే పెట్టవద్దని నా సలహా. పాయింట్ల నుంచి వచ్చే తీగకు జతచేసి, బయట ఇగ్నిషన్ కాయిలు దగ్గర, దాని డబ్బీ బండి లోహానికి గట్టిగా తగిలేలా బిగిస్తే సరిపోతుంది. అక్కడ గాలి తగులుతుంది, చెడిపోయినా ఫ్లైవీలు విప్పకుండా అయిదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. 0.2 నుంచి 0.3 మైక్రోఫారడ్ మధ్య ఉన్నది ఏదైనా పనిచేస్తుంది. పాయింట్లు కొత్తవి వేసి, అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎడం 0.4 మిల్లీమీటర్లు ఉండేలా ఫీలరు గేజీతో చూసి బిగించండి. పాయింట్లను ఎత్తే క్యాము మీద ఉండే ఫెల్టు ముక్కకు రెండు చుక్కల నూనె వేయడం మరచిపోవద్దు. అది ఎండిపోతే పాయింటు మడమ అరిగి, ఎడం తగ్గిపోతుంది.

ఫ్లైవీలు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి స్టేటరు ప్లేటు (పాయింట్లు, కాయిళ్లు బిగించి ఉండే పళ్లెం) వెనక ఆయిలు తడి ఉందేమో చూడండి. ఉంటే ఆ వైపు సీలు పోయినట్టే. అక్కడి నుంచి ఇంజను అదనపు గాలి పీల్చుకుంటుంది, పెట్రోలు, గాలి మిశ్రమం పలుచనై ప్లగ్గు తెల్లబడుతుంది, యాక్సిలేటరు వదిలినా ఇంజను వేగం దిగదు, చివరికి పిస్టను బోరులో పట్టేస్తుంది. అవతలి వైపు, అంటే చైను వైపు సీలు పోతే గుర్తు వేరు: ఇంజను గేరు ఆయిలును పీల్చి కాలుస్తుంది కాబట్టి పొగ దట్టంగా వస్తుంది, గేరు ఆయిలు నెలనెలా తగ్గుతుంది. ఇన్నేళ్లు ఎండిన రబ్బరు కాబట్టి రెండూ ఎప్పటికైనా మార్చవలసినవే. విడి భాగాలు కొనేటప్పుడు విజయ్ సూపర్‌వి చాలా వరకు సరిపోతాయని దుకాణంవారు అంటారు; సీళ్లు, బేరింగులు, ఫ్లైవీలు మాత్రం మీ పాతవాటి పక్కన పెట్టి కొలిచి చూడకుండా తీసుకోకండి. క్రాంకు చివరి టేపరు (సన్నబడే వాలు) లాంబ్రెటాలన్నింటికీ ఒకే కొలతలో ఉండదు.

జవాబు 3: బందరు రోడ్డు వేస్పా, విజయవాడ

ఆర్‌సీ సంగతి నేను చెబుతాను, నాన్నగారి బండి విషయంలో నేనూ ఈ దారి నడిచాను. యజమాని మరణించాక బండిని వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంది. దానితో పాటు మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. గడువు తీరిన రిజిస్ట్రేషన్‌కు ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని ఆర్‌టీఓ కార్యాలయంలో చూపించాలి. పదిహేనేళ్లు దాటిన బండికి అక్కడి నుంచి అయిదేళ్లకొకసారి పునరుద్ధరణ. ఛాసిస్ నంబరు మీద రంగు పేరుకుని ఉంటే ముందే మెత్తగా తుడిచి చదవగలిగేలా చేయండి, మాకు అక్కడే రెండు వారాలు వృథా అయ్యాయి.

మీ బండికి యాభై ఏళ్లు దాటాయి కాబట్టి, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధనల కింద నమోదు చేయించమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. అందులో కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. కానీ అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డు మీద మామూలుగా నడపకూడదు. మీరు నడపాలనుకుంటున్నారు కాబట్టి మామూలు పునరుద్ధరణే మేలని నా అభిప్రాయం.

పెట్రోలు గురించి కూడా ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం వరకు ఇథనాలు కలిసినది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కృష్ణా తీరపు తేమలో నెల రోజులు నిలిపిన ట్యాంకులో నీరు చేరడం నేను చూశాను. గొట్టం కొత్తది వేయించండి. వారం పైబడి నడపకపోతే కుళాయి కట్టేసి, కార్బొరేటరులోని పెట్రోలు అయిపోయే వరకు ఇంజనును నడిపి ఆపండి. ఇథనాలు వల్ల మిశ్రమం కొంత పలుచనవుతుంది కాబట్టి ప్లగ్గు రంగు తరచుగా చూసుకుని, తెల్లగా ఉంటే మెయిన్ జెట్టు (కార్బొరేటరులో పెట్రోలు వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచించండి. పెట్రోలులో కలపవలసిన ఆయిలు, బండి కంపెనీ చెప్పిన ప్రకారం నాలుగు శాతం, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఒకప్పటిలా బంకులో చేతిపంపుతో టూటీ (టూస్ట్రోక్) ఆయిలు కలిపి ఇచ్చేవారు ఇప్పుడు దాదాపు లేరు. సీసా, కొలపాత్ర మనమే డిక్కీలో పెట్టుకోవాలి.

ఇక కలవడం గురించి. మేము ఆరేడుగురం ఆదివారాల్లో తెల్లవారి బయలుదేరి ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట రోడ్డున కొంత దూరం వెళ్లి వస్తాము. మూడు లాంబ్రెటాలు, రెండు వేస్పాలు, రెండు విజయ్ సూపర్లు. సంఘమూ లేదు, చందా కూడా లేదు. ఎవరి బండి ఆగితే అందరం ఆగుతాము, అదొక్కటే నియమం. మిలాన్‌లో లాంబ్రో నది పక్కన పుట్టిన బండి మన కృష్ణ ఒడ్డున నడుస్తుంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఇన్నోసెంటి స్కూటర్ల తయారీ ఆపేసినప్పుడు ఆ యంత్రాలను 1972లో మన ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా కొని లక్నోకు తెచ్చింది. అక్కడ 1997 దాకా స్కూటర్లు తయారైనందువల్లే ఈ రోజుకీ మనకు సీళ్లు, క్లచ్చు ప్లేట్లు దొరుకుతున్నాయి.

ప్రశ్న వేసినవారు: అరండల్‌పేట వాసి

కండెన్సరు బయట బిగించి, పాయింట్లు మార్చి, ఎడం 0.4కు పెట్టించాను. పుల్లరు తెనాలి మిత్రులు తమది ఇచ్చి పంపారు, వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. స్టేటరు ప్లేటు వెనక పొడిగానే ఉంది. నిన్న గుంటూరు నుంచి మంగళగిరి వెళ్లి, పానకాల స్వామి కొండ కింద పది నిమిషాలు కూడా ఆగకుండా వెనక్కి వచ్చాను. ఎక్కడా తడబడలేదు. ఇంటికి రాగానే మా అమ్మ బయటికి వచ్చి, ఆ చప్పుడు విని నాన్న వచ్చారనుకున్నానని అన్నది.

పొగ కొంచెం ఎక్కువగానే ఉంది. గేరు ఆయిలు మట్టానికి నింపి గుర్తు పెట్టుకున్నాను, నెల తరువాత ఎంత తగ్గిందో ఇక్కడ రాస్తాను. ఈ ఆదివారం కరకట్టకు నేనూ వస్తాను, ఎన్ని గంటలకు, ఎక్కడ కలవాలి?

జవాబు 3: బందరు రోడ్డు వేస్పా

అయిదున్నరకు, బ్యారేజీకి తాడేపల్లి వైపు చివర. మీరు గుంటూరు నుంచి వస్తారు కాబట్టి బ్యారేజీ ఎక్కవలసిన పని లేదు, మేమే దాటి వస్తాము. ఆటోనగర్ వారు కూడా వస్తున్నారు, పొగ సంగతి అక్కడే చూస్తామన్నారు. ప్లగ్గు స్పానరు మరచిపోకండి.