జాకెట్టు ముక్కల గుట్టలోంచి బొంతకు గుడ్డలు ఎంచుకోవడం ఎలా?

పాతపెట్టె:
పెళ్లయిన 31 ఏళ్లలో నోముల్లో, పేరంటాల్లో, గృహప్రవేశాల్లో తాంబూలంతో పాటు వచ్చిన జాకెట్టు ముక్కల్లో తిరిగి ఎవరికీ పెట్టకుండా నా దగ్గరే మిగిలిపోయినవి మొన్న లెక్కపెడితే 146 తేలాయి. వాటిలో టూ బై టూ రుబియా, పాప్లిన్, మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్, పెడన కలంకారీ ఉన్నాయి. చేతిలో నిలవకుండా జారిపోయే మెరుపు గుడ్డలూ ఉన్నాయి. డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయికి 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉండే అతుకుల బొంత కుట్టి పంపాలని ఉంది. మూడు రోజులుగా అన్నీ మంచం మీద పరిచి చూస్తున్నాను. ఏది పక్కన పెట్టబోయినా అది ఇచ్చిన మనిషి గుర్తుకు వస్తోంది. అన్నీ కలిపితే తిరునాళ్లలో గాజుల కొట్టులా కనిపిస్తోంది. వీటిని ఏ పద్ధతిలో ఏరుకోవాలో తెలిసినవారు చెప్పగలరా?

కత్తెరపని:
ముందుగా లెక్క చూడండి. పూర్తయ్యాక 6 అంగుళాలు తేలే చదరాలు అనుకుంటే, అడ్డంగా 10, నిలువుగా 15, మొత్తం 150 చదరాలు సరిపోతాయి. కుట్టులోకి పోయే గుడ్డతో కలిపి ఒక్కో చదరాన్ని ఆరున్నర అంగుళాలకు కత్తిరించాలి. 80 సెంటీమీటర్ల పొడవు, 36 అంగుళాల పన్నా ఉన్న ఒక్క జాకెట్టు ముక్కలో అలాంటివి 20 వస్తాయి. అంటే మొత్తం బొంతకు ఎనిమిది ముక్కలు చాలు; మీ దగ్గర 146 ఉన్నాయి. కాబట్టి ఏది తీసేయాలన్న బాధ మానుకుని, ఏది చేర్చుకోవాలన్న వైపు నుంచి ఆలోచించండి.

తరవాత నూలును వేరుచేయండి. ఒక్కో ముక్క అంచు నుంచి రెండు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని, నీళ్లున్న పళ్లెం మీద కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలుతుంది. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలియెస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. మీ అమ్మాయి అక్కడ బొంతను డ్రయ్యర్‌లో ఆరబెడుతుంది కదా, ఆ వేడికి నూలు కుదించుకుపోతే పక్కనున్న పాలియెస్టర్ కదలదు, దాంతో అతుకుల దగ్గర గుడ్డ ముడతలు పడుతుంది. నూలు మాత్రమే ఉంచుకుని, వాటిని కూడా కత్తిరించడానికి ముందే వేడినీళ్లలో ఉతికి, గంజి పూర్తిగా వదిలించండి. రుబియా పలచన, మంగళగిరి కాస్త దళసరి. రెండూ కలపాలంటే రుబియా కింద లైనింగు గుడ్డ వేయాలి, లేకపోతే దళసరి గుడ్డ పలచని గుడ్డను లాగేస్తుంది.

నూలుపోగు:
కత్తెరపని గారు చెప్పిన లెక్కతో ఏకీభవిస్తున్నాను గానీ, మీ అసలు చిక్కు రంగుల్లో ఉందని నాకనిపిస్తోంది. మనవాళ్లు తాంబూలంలో నలుపు పెట్టరు, తెలుపూ సాధారణంగా పెట్టరు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, వంగపండు రంగు, ఇవే చేతులు మారుతూ తిరుగుతుంటాయి. అందువల్ల ఎన్నేళ్లు పోగుచేసినా అలాంటి గుట్టలో మరీ ముదురూ మరీ లేతా తక్కువ, ఎక్కువగా నడిమి ఛాయలే. పరిచిన గుడ్డలను ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి, ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. గాజుల కొట్టులా అనిపించడానికి కారణం అదే. దీనికి మందు ఆ గుట్టలో దొరకదు. ఒక కోర (చలువ చేయని నూలు) నేత పంచె కొని, ఉతికి, రంగు చదరం పక్కన కోర చదరం వచ్చేలా అమర్చండి. 50 అంగుళాల పన్నా ఉంటే రెండు మీటర్లలోనే 75 చదరాలు వస్తాయి. మిగిలిన 75 చదరాలకు 25 ముక్కలు ఏరి, ఒక్కోదాని నుంచి మూడేసి తీసుకోండి. ఇక్కత్‌ను రెండు మూడు ముక్కలకు మించనివ్వకండి, ఆ నమూనా పక్కన దేన్నీ కనపడనివ్వదు.

వాకిట్లోముగ్గు:
మా ఇంట్లో రంగు దిగే గుడ్డలను రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెడతాము. కలంకారీకి కూడా అలాగే చేయవచ్చు.

కత్తెరపని:
క్షమించాలి, అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పునీళ్లు రంగును పట్టించలేవు. వదులుగా ఉన్న రంగు కొంత ఆ నీళ్లలోకే దిగిపోతుంది, అంతే. ఉతికిన ప్రతి ముక్కనూ తడిగా ఉండగానే తెల్లగుడ్డ మీద పరిచి, పైన బరువు పెట్టి ఒక గంట ఉంచండి. మరక పడితే మళ్లీ ఉతకండి. మూడోసారి కూడా పడితే, పక్కన కోర చదరాలు వస్తాయి కాబట్టి, ఆ ముక్కను వదులుకోవడమే మంచిది.

పాతపెట్టె:
అందరికీ కృతజ్ఞతలు. పోగులు కాల్చి చూస్తే 146లో నూలు 83 మాత్రమే తేలాయి. నేను ఇన్నాళ్లూ నూలనుకుని దాచుకున్న ఒక చిలకాకుపచ్చ ముక్క పూసలా కరిగిపోయింది. 83లోంచి 25 ఏరడానికి ఇంకో రోజు పట్టింది. మా అమ్మ చివరిసారిగా నాకు పెట్టిన ఎర్ర రుబియా మూడు ఉతుకుల తరవాత కూడా రంగు దిగుతూనే ఉంది. దాన్ని బొంతలో కలపకుండా, బొంతను మడిచి పెట్టుకునేందుకు సంచీగా కుడదామని అనుకుంటున్నాను. అడుగు పొరకు పాత నూలు చీర చాలుతుందా?

నూలుపోగు:
చాలుతుంది. అయిదున్నర మీటర్ల చీరను సగానికి కత్తిరించి, రెండు సగాలనూ అంచు తీసేసి పక్కపక్కన కలిపితే 60 అంగుళాల బొంతకు అన్ని వైపులా మిగులే ఉంటుంది. అయితే చీరను వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. మడత పడిన చోట పోగులు విడిపోయి కనిపిస్తే ఆ భాగం వాడకండి. రంగు సంచీ సంగతికి వస్తే, దానికి లోపల కోరగుడ్డ లైనింగు వేయండి, ప్రయాణంలో తడి తగిలితే ఆ ఎరుపు బొంతకు అంటుకుంటుంది.