షాడో టీచర్ జాబ్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్ (వైజాగ్)

మద్దిలపాలెం_అమ్మాయి:
హాయ్ అండి అందరికీ. నేను బీఎస్సీ, బీఈడీ చేశాను, పెళ్ళయ్యాక గ్యాప్ వచ్చింది, ఇప్పుడు మధురవాడ సైడు ఒక ప్రైవేట్ స్కూల్లో షాడో టీచర్‌గా, అంటే క్లాసులో ఒక్క పిల్లాడికే తోడుండి సాయం చేసే మనిషిగా, రమ్మంటున్నారు. సెకండ్ క్లాస్ బాబు, ఆటిజం ఉంది, రెండు మూడు పదాలు కలిపి కావాల్సింది అడుగుతాడంట. జీతం స్కూల్ ఇవ్వదంట, పిల్లాడి పేరెంట్సే ఇస్తారంట. నాకు స్పెషల్ బీఈడీ (వైకల్యం ఉన్న పిల్లలకి చదువు చెప్పే కోర్సు) లేదు, మామూలు బీఈడీయే, మరి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చెయ్యొచ్చా? రోజంతా పిల్లాడి పక్కనే కూర్చోవాలా? క్లాస్ టీచర్‌కి ఇబ్బందిగా ఉండదా? మా అత్తగారేమో ఆయా పనికి బీఈడీ ఎందుకమ్మా అన్నారు, ఆ మాట కాస్త గుచ్చుకుంది. కానీ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు ఆ బాబు నా మొహం వైపు చూడకుండానే నా చేతి గాజులు ఒక్కోటీ జరుపుతూ రంగులు చెప్పాడు, అన్నీ కరెక్ట్‌గా చెప్పాడు. అప్పట్నుంచి వెళ్ళాలనే ఉంది. ఈ పని చేసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గాజువాక_టీచర్:
వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి. నేను చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఆయా పని అన్న మాట పట్టించుకోకండి, బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం, మూతి తుడవడం కూడా ఇందులో ఉంటాయి, వాటిలో తక్కువతనం ఏమీ లేదు, కానీ అసలు పని అది కాదు. ఆ పిల్లాడు మీరు లేకుండా ఏ పని చేసుకోగలడో ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవడం, పట్టుకున్నాక మీ చెయ్యి తీసేయడం, ఇదే అసలు పని.

పక్కనే అంటుకుని కూర్చోవద్దు. బెంచీ చివర గానీ వెనక వరసలో గానీ కూర్చోండి. మీరు పక్కనే ఉంటే క్లాస్ టీచర్ ప్రశ్న అడిగేది కూడా మిమ్మల్నే, 'మేడమ్, బాబు రాశాడా' అని, వాడిని అడగరు, కొన్నాళ్ళకి వాడు క్లాసులో ఉన్న సంగతే మర్చిపోతారు. అలా అడిగినప్పుడు మీరు జవాబు చెప్పకుండా బాబు వైపు తిరగండి చాలు, టీచర్ కూడా అటే చూస్తారు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. బోర్డు మీద చూసి నోట్స్ రాయడం ఈ పిల్లల్లో చాలామందికి పెద్ద గండం, తల ఎత్తి చూసి దించేలోపు ఎక్కడ ఆగారో పోతుంది, అప్పుడు పెన్సిల్ కొరకడమో లేచి తిరగడమో మొదలవుద్ది, టీచర్‌కేమో అల్లరిలా కనిపిస్తది. మీరు చిన్న చీటీ మీద ఒక్క లైను రాసి నోట్‌బుక్ పైన పెట్టండి. రాశాక ఇంకో లైను. అది అలవాటయ్యాక రెండేసి లైన్లు, తర్వాత మూడు. చివరికి బోర్డు దగ్గర్లో ఉన్న సీటుకి మార్పించి చీటీ మానేయండి. చెయ్యి పట్టుకుని మాత్రం రాయించకండి, నోట్‌బుక్ అందంగా నిండుద్ది గానీ వాడికి ఏమీ రాదు. ఏదైనా చెప్పాక మనసులో పది లెక్కపెట్టుకుని ఆగండి, ఆ లోపు మళ్ళీ చెప్పొద్దు, చాలాసార్లు ఎనిమిదో తొమ్మిదో దగ్గర వాడే కదులుతాడు.

పొద్దున్నే ఆ రోజు పీరియడ్లు బొమ్మల కార్డులుగా వరసగా అంటించి చూపించండి, అయిపోయినవి వాడి చేత్తోనే తీయించండి. ఏడ్చినా కొట్టినా కొరికినా వెంటనే ఒక పుస్తకంలో రాయండి, దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం అని. ఒక పాప రోజూ ఇంచుమించు ఒకే టైమ్‌కి మణికట్టు కొరుక్కునేది, మొండితనం అన్నారు అందరూ. రాసి చూస్తే తేలిందేంటంటే బెల్లు సరిగ్గా వాళ్ళ క్లాసు గుమ్మం పైనే ఉంది, అది మోగబోతుందని ముందే తెలిసి భయపడేది. సీటు అవతలి మూలకి మార్చి, బెల్లుకి కాస్త ముందే చెప్పి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెడితే చాలా వరకు తగ్గిపోయింది.

వైజాగ్‌లో ఇంకో సంగతి కూడా, నేవీ విన్యాసాల రిహార్సల్స్ ఇక్కడ జరిగినప్పుడు బీచ్ రోడ్డు, వాల్తేరు చుట్టుపక్కల విమానాలు తక్కువ ఎత్తులో వెళ్తాయి కదా, మనకది సంబరం, సౌండ్ పడని పిల్లలకి నరకం. మీది మధురవాడ కాబట్టి కాస్త నయమే, అయినా ఆ రోజుల్లో హెడ్‌ఫోన్స్ బ్యాగులో ఉంచుకోండి. ఉక్కపోత రోజుల్లో టై, సాక్సులు కూడా అంతే, చొక్కా వంటికి అంటుకుంటే మన పిల్లలు కొందరు అస్సలు ఓర్చుకోలేరు, టై మినహాయించమని ప్రిన్సిపాల్‌ని ముందే అడగండి.

గోపాలపట్నం_అమ్మ:
నేను రెండో వైపు నుంచి చెప్తానండీ, మా పెద్దోడికి ఆటిజం, ఇప్పుడు ఫిఫ్త్. మాకు ఇద్దరు షాడో మేడమ్స్ మారారు. మొదటావిడ చాలా ప్రేమగా చూసుకునేవారు, అన్నీ ఆవిడే చేసిపెట్టేవారు, వాటర్ బాటిల్ మూత కూడా, దాంతో ఆవిడ సెలవు పెడితే మా వాడు స్కూలుకి వెళ్ళనని గేటు దగ్గరే కూలబడేవాడు. రెండో ఆవిడ వచ్చాక కొత్తలో నాకే కోపం వచ్చింది, ఈవిడేంటి దూరంగా కూర్చుంటుంది, మేం డబ్బులిచ్చేది ఇందుకా అని. ఒకరోజు గేములప్పుడు వెళ్ళి చూశాను. ఒక పిల్లాడు వచ్చి 'మిస్, వాడికి బాల్ ఇవ్వొచ్చా' అని అడిగాడు, ఆవిడ 'నన్నెందుకు అడుగుతావ్ నాన్నా, వాడినే అడుగు' అంది. ఆ పిల్లాడు మా వాడి ముందుకొచ్చి బాల్ చూపించి నిలబడ్డాడు, వీడు చాలాసేపు చూసి 'ఇవ్వు' అన్నాడు. స్కూల్లో తోటి పిల్లాడితో వాడు మాట్లాడగా నేను విన్న మొదటి మాట అదే. మీరు ఈ ఒక్కటి చెయ్యగలిగితే చాలమ్మా, లెక్కలూ ఎక్కాలూ తర్వాత వస్తాయి.

డబ్బుల సంగతి ముందే కాగితం మీద పెట్టుకోండి, మొహమాటం వద్దు. వేసవి సెలవులకి ఇస్తారా, బాబు జ్వరమొచ్చి రాకపోతే కోస్తారా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అన్నీ. సాయంత్రం 'బాగానే ఉన్నాడండీ' అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోవద్దు, ఏం తిన్నాడు, ఎవరితో ఆడాడు, ఎక్కడ ఇబ్బంది పడ్డాడు చెప్పండి, మా పిల్లలు ఇంటికొచ్చి చెప్పలేరు కదా.

భవిత_సార్:
నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే వైకల్యం ఉన్న పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్‌ని, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకంలో ఐఈఆర్‌టీగా (ఆ పిల్లల కోసం ఉండే రిసోర్స్ టీచర్‌గా) పనిచేస్తున్నా. ముందు ఆర్‌సీఐ డౌట్. ఆర్‌సీఐ చట్టం 1992 ప్రకారం స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచెయ్యాలంటే గుర్తింపు ఉన్న కోర్సు చేసి సెంట్రల్ రిజిస్టర్‌లో పేరు ఉండాలి. షాడోగా సాయం చెయ్యడం వేరు, కానీ మిమ్మల్ని చూపించి 'మా దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారు' అని స్కూల్ రాసుకుంటే ఒప్పుకోవద్దు. ఆ ఒక్క పిల్లాడికి ఏం నేర్పాలి అన్న ప్లాన్, అదే ఐఈపీ (ఇండివిడ్యువలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్), స్పెషల్ ఎడ్యుకేటర్ రాయాలి, దాన్ని క్లాసులో నడిపించడం మీ పని. మొదటి రోజే ఐఈపీ అడగండి, లేదంటే ఎవరు రాస్తారో అడగండి, ఆ జవాబుని బట్టే స్కూల్ ఎలాంటిదో తెలిసిపోద్ది.

ఈ లైన్ నచ్చితే తర్వాత స్పెషల్ డీఈడీ గానీ స్పెషల్ బీఈడీ గానీ చెయ్యండి, కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, ఏజెంట్ల మాట నమ్మొద్దు. సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984 నుంచి మేధో వైకల్యం మీద పనిచేస్తోంది, వాళ్ళ ట్రైనింగుల మీద ఓ కన్నేసి ఉంచండి.

గోపాలపట్నం అమ్మగారు చెప్పినవన్నీ నిజమే గానీ ఒక్కదాంట్లో నాకు వేరే అభిప్రాయం ఉంది. చదువు విషయాలు సాయంత్రం గేటు దగ్గర నోటితో పేరెంట్స్‌కి చెప్పొద్దు, డైరీలో రాసి క్లాస్ టీచర్ సంతకం పెట్టించి పంపండి. లేదంటే టీచర్ పూర్తిగా తప్పుకుంటారు, బాబు చదువు మీరూ పేరెంట్స్ మధ్య ప్రైవేట్ ట్యూషన్ అయిపోద్ది. బాత్రూమ్ విషయంలో ఎవరు తీసుకెళ్ళాలి, తలుపు ఎలా ఉండాలి అన్నది స్కూల్ చేత రాతపూర్వకంగా రాయించుకోండి, అది పిల్లాడి రక్షణకీ మీ రక్షణకీ.

ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 21 చేశారు, ఆటిజం అందులో ఉంది. నలభై శాతం గానీ ఆపైన గానీ వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గర్లోని స్కూల్లో గానీ తనకి నచ్చిన స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. చాలామంది పేరెంట్స్ నలుగురికీ తెలుస్తుందని సర్టిఫికెట్టే తీయించరు, మళ్ళీ పరీక్షలప్పుడు ఎక్స్‌ట్రా టైమ్, స్క్రైబ్ (పిల్లాడు చెప్తే రాసిపెట్టే మనిషి) కావాలంటే పరుగులు పెడతారు. బాబుకి యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉందో లేదో మెల్లగా కనుక్కోండి.

మద్దిలపాలెం_అమ్మాయి:
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్సండీ. సోమవారం నుంచి రమ్మన్నారు. ఒక్కటే డౌట్, ఏ టీచరైనా సెలవు పెడితే నన్ను వేరే క్లాసుకి సబ్‌స్టిట్యూషన్ పంపిస్తామని ప్రిన్సిపాల్ మేడమ్ అన్నారు, బీఈడీ ఉంది కదా అని. ఒప్పుకోవచ్చా?

గాజువాక_టీచర్:
ఒప్పుకోవద్దు తల్లీ. మీకు జీతం ఇచ్చేది వాళ్ళమ్మానాన్నలు, ఆ గంటలు ఆ బాబువి. మెత్తగానే చెప్పండి, 'మేడమ్, నేను వెళ్తే బాబు దగ్గర ఎవరుంటారు' అని అడగండి. ముందు ముందు మీరు లేకుండా బాబు ఒక పీరియడ్ కూర్చోగలిగితే, అప్పుడు కూడా క్లాసు బయట వరండాలోనే ఉండండి, ఇంకో బ్లాకుకి మాత్రం వెళ్ళకండి. సోమవారం ఆ గాజులే వేసుకెళ్ళండి, కొత్త మనిషిని గుర్తుపట్టడానికి వాడికి అవి పనికొస్తాయి.