దీపావళి ప్లానింగ్: సేఫ్టీ స్టాల్, గ్రాంట్ సంగతి

స్టాళ్ల కోఆర్డినేటర్: అందరికీ నమస్కారం. మన సంఘం దీపావళి వేడుకలో ప్రమాదకర సరుకుల గురించి చెప్పే సేఫ్టీ స్టాల్ పెట్టాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం, ఈసారైనా తేల్చేద్దాం. ఈస్ట్ పాలస్టీన్‌ని మన ఒహాయోలో ఎవరూ మర్చిపోలేదు. 2023 ఫిబ్రవరి 3 రాత్రి ఆ ఊళ్లో గూడ్స్ రైలు 38 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. మూడు రోజులయ్యాక అందులోని వినైల్ క్లోరైడ్ అనే మండే రసాయనాన్ని కావాలనే తగలబెట్టారు. ప్రమాదకర సరుకుల రవాణా భద్రత గురించి నేర్పే నాన్‌ప్రాఫిట్‌లకు ఫిమ్సా అనే ఫెడరల్ సంస్థ గ్రాంట్లు ఇస్తుందట. మనమూ 501సీ3యే, అంటే పన్ను మినహాయింపు ఉన్న నాన్‌ప్రాఫిట్టే కదా, అప్లై చేద్దామా?

యూత్ టీమ్: చేసేద్దాం అక్కా! పనిలో పని, హాల్ అద్దె కూడా గట్టెక్కుతుంది.

గ్రాంట్ల వాలంటీర్: తమ్ముడూ, హాల్ అద్దె మాట పొరపాటున కూడా అప్లికేషన్‌లో రాయకు. ఆ గ్రాంట్లు చదివాను. ఒకటి ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేయడానికి. ఆ ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లి ఈ సరుకులు ఎక్కించేవాళ్లకి, నడిపేవాళ్లకి నేర్పుతారు. ఇంకోటి క్రూడాయిల్, ఇథనాల్ రైళ్ల ప్రమాదాలకి వెళ్లే వాలంటీర్ ఫైర్ సిబ్బంది కోసం. కమ్యూనిటీ సేఫ్టీ గ్రాంట్ అని ఒకటుంది, పేరు వినగానే మనదే అనిపిస్తుంది. కానీ అది దేశమంతటా ట్రైనింగ్ ఇవ్వగల సంస్థలకి. ఏడాదికి మూడు పండగలు చేసే సంఘం అందులో నెగ్గదు.

పైగా ఫెడరల్ గ్రాంట్ల సైట్ గ్రాంట్స్ డాట్ గవ్‌లో అప్లై చేయాలంటే ముందు సామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో రిజిస్టర్ అవ్వాలి, సంఘాన్ని గుర్తించే యూఈఐ అనే 12 అక్షరాల నంబర్ తెచ్చుకోవాలి. పాత సంఘంలో ఉన్నప్పుడు వేరే గ్రాంట్ కోసం గడువుకి వారం ముందు మొదలుపెట్టాం. ట్యాక్స్ లెటర్‌లో సంఘం పేరు ఒకలా, మా కాగితాల్లో ఇంకోలా ఉంది. తేడా అంతా ఒక్క కామా. అది సరిచేసేసరికి గడువు దాటిపోయింది. ఆ రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే మొదలుపెడదాం, ఉచితమే. ఎప్పుడైనా పనికొస్తుంది.

ట్రెజరర్: అయితే స్టాల్ ఎగిరిపోయినట్టేనా? నా దగ్గర దానికని 150 డాలర్ల కంటే ఎక్కువ లేవు.

గ్రాంట్ల వాలంటీర్: అంత ఖర్చు కూడా అవసరం లేదండీ. ఎల్‌ఈపీసీ అని, రసాయన ప్రమాదాలకి ముందే ప్లాన్ చేసే కమిటీ ఒకటి మన కౌంటీకీ ఉంది. 1984లో భోపాల్ జరిగాక, 1986లో ఇక్కడ చట్టం తెచ్చి పెట్టిన కమిటీలివి. అందులో ఫైర్, పోలీసు, ఆసుపత్రి వాళ్లతో పాటు కమ్యూనిటీ సంఘాలకీ చోటుంది. ఫిమ్సా రాష్ట్రాలకిచ్చే ఇంకో గ్రాంట్ డబ్బులు ఇలాంటి కమిటీల ప్లానింగ్‌కీ, లోకల్ ఫైర్ సిబ్బంది ట్రైనింగ్‌కీ అందుతాయి. ఆ డబ్బు ఈ సరుకులు పంపే, మోసే కంపెనీలు కట్టే రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచి వస్తుంది. డబ్బు అడిగేకంటే మనుషుల్ని అడగడం నయం. ఒక ఫైర్‌ఫైటర్, ఒక టేబుల్ ఇమ్మని ఆ కమిటీకి ఈమెయిల్ పెడతాను.

స్టాళ్ల కోఆర్డినేటర్: బాగుంది. కానీ జనం ఆగాలిగా? పక్కనే మిర్చి బజ్జీల స్టాల్.

గ్రాంట్ల వాలంటీర్: నంబర్ల ఆట పెడదాం. పెట్రోల్ ట్యాంకర్ మీద ఎర్ర డైమండ్ గుర్తులో, లోపల ఏ సరుకుందో చెప్పే నంబర్ 1203 ఉంటుంది. మన విజయవాడ హైవే మీద ట్యాంకర్‌కీ అదే నంబర్, ప్రపంచమంతా ఒకటే. ఇలాంటి సరుకుల ప్రమాదాల్లో ఏం చేయాలో చెప్పే ఈఆర్‌జీ యాప్ ఫోన్‌లో ఉచితం. అందులో 1203 కొడితే గైడ్ 128 వస్తుంది: ట్యాంకర్ మంటల్లో ఉంటే అర మైలు దూరం వెళ్లాలని. మనవాళ్లలో బంకులు నడిపేవాళ్లున్నారు, ముందు వాళ్లే ఆగుతారు. ప్రొపేన్‌కి 1075. ఇంకో తమాషా, పూజ కర్పూరానికీ నంబరుంది: 2717, మండే ఘనపదార్థాల తరగతి. ఇండియా నుంచి విమానంలో సూట్‌కేసులో వేసుకొచ్చేవాళ్లకి కర్పూరం డబ్బా చూపిస్తే చాలు, ఎందుకు తేకూడదో అర్థమవుతుంది.

వంటల కమిటీ: అయ్యో, మా అత్తగారు ప్రతిసారీ తెస్తారు! పవర్ బ్యాంకుల గురించి కూడా చెప్పండి బాబూ, చెక్‌ఇన్ బ్యాగులో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

యూత్ టీమ్: మరి టపాసులు? ఒహాయోలో దీపావళికి కాల్చుకోవచ్చుగా.

స్టాళ్ల కోఆర్డినేటర్: 2022 జూలై నుంచి రాష్ట్ర చట్టం ఒప్పుకుంది, దీపావళి పేరు అందులోనే ఉంది. కానీ ఊరు వద్దంటే వద్దే. సిటీకి ఫోన్ చేసి కనుక్కునే పని నీదే తమ్ముడూ, శుక్రవారంలోగా. వ్యాన్ డిక్కీలో టపాసుల పెట్టెలూ ప్రొపేన్ సిలిండరూ కలిపి తేవడం మాత్రం ఈసారి బంద్. పోయినేడు ఎవరు తెచ్చారో నాకు తెలుసు, పేరు చెప్పను.

వంటల కమిటీ: నేనే. సిలిండర్ విడిగా తెస్తాం. కర్పూరం డబ్బా కూడా నేనే ఇస్తా, ఖాళీది.