సాఫ్ట్ లూర్ల ప్లాస్టిసాల్‌లో రంగు: కప్పులో ఒకలా, అచ్చులోంచి తీశాక ఇంకోలా

కాలువగట్టు (విజయవాడ):

అందరికీ నమస్కారం. కొరమేనుకి, పండుగప్పకి వాడే సాఫ్ట్ లూర్లు (గాలానికి తగిలించే మెత్తటి ప్లాస్టిక్ ఎరలు) ఇంట్లోనే పోసుకుంటున్నాను. వేడి చేసి అచ్చులో పోసే ప్లాస్టిసాల్ ద్రవం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. సిలికాన్ అచ్చులు రెండున్నాయి, ఒకటి తోక ఊగే చేపపిల్ల, ఇంకోటి కప్ప. ఆకారం బాగానే వస్తోంది, తోక నీళ్ళలో బాగా ఆడుతోంది. గొడవంతా రంగులతోనే.

కప్పులో చూస్తే ముదురు పాచి రంగు, తీరా లూర్ బయటికి తీశాక చూస్తే వెలిసిపోయిన లేత ఆకుపచ్చ. ఫ్లోరోసెంట్ నారింజ అయితే మొదటి పోతకి కళ్ళు జిగేలుమంటాయి, మిగిలిందాన్ని మళ్ళీ వేడి చేసి పోస్తే ఇటుక రంగుకి దిగిపోతుంది. ప్లాస్టిసాల్‌తో పాటు తెప్పించిన రంగు సీసాలు అయిపోవచ్చాయి, మళ్ళీ కొందామంటే అంత చిన్న సీసాకి అంత రేటా అనిపిస్తోంది, దానికి తోడు కొరియర్ ఖర్చు. ఇక్కడ వన్ టౌన్‌లోనో బీసెంట్ రోడ్డులోనో దొరికే రంగుల్లో పనికొచ్చేవి ఏవైనా ఉన్నాయా? ఇంట్లో ఫుడ్ కలర్లు, ఫ్యాబ్రిక్ పెయింట్లు ఉన్నాయి, మా చెల్లి రెజిన్ ఆర్ట్‌కని తెచ్చుకున్న మైకా పౌడర్లున్నాయి. పెయింటర్లు గోడ రంగులో కలిపే స్టైనర్ వేసి చూడమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఏది వెయ్యొచ్చు, ఎప్పుడు వెయ్యాలి, ఎంత వెయ్యాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బ్యారేజీ దిగువన:

ముందు ఆ ఫుడ్ కలరూ ఫ్యాబ్రిక్ పెయింటూ స్టైనరూ పక్కన పెట్టెయ్ తమ్ముడూ. వాటిలో నీళ్ళుంటాయి, లేదా నీళ్ళలో కలవడానికి చేసినవై ఉంటాయి. ప్లాస్టిసాల్ అంటే పీవీసీ పొడిని నూనెలాంటి ప్లాస్టిసైజర్‌లో కలిపిన ద్రవం. దాన్ని మనం 175, 180 డిగ్రీల దాకా తీసుకెళ్తాం. ఆ వేడి మీద నీటిబొట్టు పడిందంటే కాగే నూనెలో తడి గరిట పెట్టినట్టే, చిట్లి మొహం మీదికి ఎగురుతుంది. పైగా ఇది చర్మం మీద పడితే జారిపోదు, అంటుకుని అక్కడే కాలుస్తుంది. కళ్ళద్దాలు, చేతులకి మందపాటి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా లేకుండా మొదలుపెట్టకు. కప్పు కడిగి తుడిచేస్తే సరిపోదు, ఎండలో పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలంలో అయితే మరీను.

మీ చెల్లి మైకా పౌడర్ మాత్రం నిక్షేపంగా వెయ్యొచ్చు. మైకా ఖనిజం కాబట్టి మన వేడి దానికి లెక్కే కాదు. కాకపోతే చౌకరకం వాటిలో ముదురు గులాబీ, ఊదా లాంటివాటికి డై (కరిగే రంగు) పూస్తారు, అది తర్వాత బయటికి దిగుతుంది. ఇంకో సంగతి, మైకా మెరుపునిస్తుంది గానీ చిక్కటి రంగునివ్వదు. పొడిని నేరుగా వేడి ద్రవంలో చల్లకు, ఉండలు కడుతుంది. చెంచాడు పచ్చి ప్లాస్టిసాల్‌లో వేసి పుల్లతో బాగా మెదిపి, పేస్టులా అయ్యాక కలుపు.

ఇక కప్పులో ఒకలా, లూర్‌లో ఒకలా ఎందుకంటావా, అదంతా మందం వల్ల. కప్పులో నువ్వు చూసేది రెండు మూడు అంగుళాల లోతున్న రంగు. లూర్ తోక దగ్గర మందం రెండు మూడు మిల్లీమీటర్లు, అంత పల్చటి చోట వెలుతురు దూరిపోతుంది, రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించినా దెబ్బే. పచ్చి ప్లాస్టిసాల్ తెల్లగా ఉంటుంది కాబట్టి ఎరుపు వేస్తే గులాబీ అవుతుంది, సరిగ్గా ఉడికి అద్దంలా తేరుకున్నాకే అసలు ఎరుపు బయటపడుతుంది. నేనైతే పుల్లతో ఒక బొట్టు తీసి తెల్ల కాగితం మీద పల్చగా లాగుతాను. చల్లారాక ఒలిచి వెలుగుకి పట్టి ఒకసారి, గాజు గ్లాసులో కాలువ నీళ్ళు పోసి అందులో వేసి ఒకసారి చూస్తాను. అది నచ్చితేనే అచ్చులో పోత. సీసా రంగు అయితే వంద మిల్లీలీటర్ల ప్లాస్టిసాల్‌కి నాలుగైదు చుక్కలతో మొదలుపెట్టు, చాలకపోతే ఒక్కో చుక్క పెంచు. ఎక్కువైన రంగుని వెనక్కి లాగలేం, ఇంకో కప్పు ప్లాస్టిసాల్ పోసి పల్చన చెయ్యడమే దారి. నలుపుతో మరీ జాగ్రత్త, కార్బన్ బ్లాక్ ఒక్క చుక్క ఎక్కువైతే పాచి రంగు కాస్తా తారు అయిపోతుంది.

రంగుల సెక్షన్ (ఆటోనగర్):

పీవీసీ లైన్‌లో చాన్నాళ్ళు పనిచేశాను కాబట్టి వేడి గురించి నేను చెప్తా. మీ నారింజ చచ్చిపోతోంది రంగు మంచిది కాక కాదండీ. ఫ్లోరోసెంట్ పిగ్మెంట్ అంటే రెజిన్ నలుసుల్లో డై పట్టించి చేసేది, ఎక్కువ వేడి తగిలినా, ఎక్కువసేపు వేడిలో ఉన్నా మెరుపు పోతుంది. కాబట్టి మొదట రంగు లేకుండా ప్లాస్టిసాల్‌ని ఉడికించండి. మధ్యలో అది ముద్దలా బిగుసుకుంటుంది, కంగారు పడొద్దు, ఇంకా వేడెక్కితే మళ్ళీ పల్చబడి తేరుకుంటుంది. అప్పుడు ఫ్లోరోసెంట్ కలిపి వెంటనే పోసెయ్యండి. మామూలు రంగులు మొదట్లో వేసినా ఫర్వాలేదు. మిగిలిన నారింజని మళ్ళీ కాచి నారింజగానే రావాలని చూడకండి, దాన్ని గోధుమ రంగు బ్యాచ్‌లో కలిపేసుకోండి.

రెండో సంగతి. 200 డిగ్రీలు దాటితే పీవీసీయే విడిపోవడం మొదలవుతుంది. ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత గోధుమ. అప్పుడు వచ్చే ఘాటు వాసన హైడ్రోజన్ క్లోరైడ్, ఊపిరితిత్తులకి మంచిది కాదు. వాసన తగిలితే కరెంటు ఆపి పక్కకి వెళ్ళిపోండి, ముక్కు పెట్టి చూడొద్దు. ఈ పసుపు నలుపులో కనపడదు, తెలుపు, నీలం, రంగులేని లూర్లలో మాత్రం వెంటనే పట్టిస్తుంది. నీలం వేస్తే ఆకుపచ్చ వస్తోందని కొందరు రంగుని తిడుతుంటారు, అక్కడ మాడింది ప్లాస్టిక్. మైక్రోవేవ్‌లో అయితే మొదట నిమిషం, ఆ తర్వాత 20, 30 సెకన్ల చొప్పున, ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి. గన్ థర్మామీటర్ పై పొర వేడే చూపిస్తుంది, కలిపి చూడండి, లేదా లోపల గుచ్చే రకం కొనండి. ఆ మైక్రోవేవ్, ఆ కప్పు ఇక వంటకి పనికిరావు. వంటింట్లో అసలు చెయ్యొద్దు, డాబా మీద నీడలో చేసుకోండి, రసాయన ఆవిర్లని ఆపే ఫిల్టర్ మాస్కు పెట్టుకోండి, గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు.

స్థానికంగా దొరికేదే కావాలంటే టీషర్టులు ప్రింట్ చేసే వాళ్ళ దగ్గర ప్లాస్టిసాల్ ఇంకు అడగండి. అదీ పీవీసీ, ప్లాస్టిసైజరే, పిగ్మెంట్ అందులో ముందే నూరి ఉంటుంది. డబ్బా అడుగున మిగిలింది ఇచ్చినా మీకు నెలల తరబడి వస్తుంది. వాటర్ బేస్ ఇంకు కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది, అది అంటగట్టించుకోకండి. ఇంకుతో వచ్చే రంగు మూసుకుపోయినట్టు ఉంటుంది, వెలుతురు దూరే రంగు కావాలంటే లూర్లకని అమ్మే లిక్విడ్ కలరే కొనాలి, తప్పదు. గచ్చుకి వాడే రెడ్ ఆక్సైడ్ చవగ్గా దొరుకుతుంది కదా అని వెయ్యకండి, ఇనుము, జింకు ఉన్న పొడులు వేడిలో పీవీసీని ఇంకా తొందరగా పాడు చేస్తాయి. తెలుపుకి టైటానియం డయాక్సైడ్ వాడండి, జింక్ ఆక్సైడ్ వద్దు. లూజుగా అమ్మే పసుపు, నారింజ పొడుల్లో సీసం ఉండొచ్చు, వాటి జోలికి పోవద్దు. కొవ్వొత్తుల రంగులు కలుస్తాయి గానీ అవి నూనెలో కరిగే డైలు, చేతికీ పక్క లూర్‌కీ దిగుతూనే ఉంటాయి.

కొమ్మమూరు కాలువ (గుంటూరు జిల్లా):

ఇంత కెమిస్ట్రీ చదివాక కొరమేను పాపం ఏ రంగు చూసి కొరుకుతుందో కూడా చెప్పండి గురువుగారూ 😀

సీరియస్‌గా చెప్పాలంటే, కాలువలో ఎర్రనీళ్ళు పారేటప్పుడు నా పెట్టెలో నలుపు, ముదురు గోధుమ తప్ప వేరేవి తియ్యను. చేప కింద నుంచి పైకి చూస్తుంది, వెలుతురుకి అడ్డంగా నల్లటి ఆకారం కనపడితే చాలు. వేసవిలో కాలువ కట్టేశాక మడుగుల్లో నీళ్ళు తేరుకుంటాయి, అప్పుడు పాచి రంగు మీద నల్ల మెరుపులు, పొట్ట తెలుపు. నాగాయలంక వైపు పండుగప్పకి వెళ్తే వెండి మైకా వేసిన తెలుపు. ఈ మూడూ కుదిరితే చాలు, పాతిక షేడ్లు మనల్ని మురిపించడానికే. కప్ప లూర్ అయితే రంగు కన్నా మెత్తదనం ముఖ్యం, గట్టిగా ఉంటే కొరమేను నోట్లో నొక్కుకోదు, హుక్ బయటికి రాదు. రంగు మార్చినప్పుడల్లా సాఫ్ట్‌నర్ (మెత్తదనం కోసం కలిపే ద్రవం) కూడా చూసుకో బ్రో.

ఎర్ర పిల్లల గుంపుతో తిరిగే తల్లి కొరమేను మీద మాత్రం ఏ రంగూ విసరకండి, దయచేసి.

కాలువగట్టు (విజయవాడ):

అందరికీ థ్యాంక్స్. కాగితం మీద బొట్టు లాగి చూశాను, కప్పులో కనపడిందానికీ దానికీ నిజంగానే సగానికి సగం తేడా ఉంది. ఇంకొక్క డౌట్ అన్నా, నల్ల మెరుపులంటే ఫ్యాన్సీ షాపులో అమ్మే గ్లిట్టర్ వెయ్యొచ్చా? నేను వేస్తే అంతా పొట్ట వైపే చేరింది.

బ్యారేజీ దిగువన:

గ్లిట్టర్ ద్రవం కన్నా బరువు, ఆగితే అడుగుకి దిగుతుంది. చిట్టచివర వేసి, కలుపుతూ కలుపుతూనే పొయ్యాలి. మరీ వేడిగా పల్చగా ఉన్నప్పుడు పోస్తే త్వరగా దిగుతుంది, కొంచెం చిక్కబడ్డాక పోస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఫ్యాన్సీ షాపు సరుకు కొంత నిలుస్తుంది, కొంత ముడుచుకుపోయి రంగు వదిలేస్తుంది. చిటికెడు గ్లిట్టర్‌ని రంగులేని ప్లాస్టిసాల్‌లో వేసి చిన్న ముక్క పోసి పక్కన పెట్టు. రెండ్రోజుల తర్వాత చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కి రంగు పాకితే ఆ ప్యాకెట్ పిల్లల ప్రాజెక్టులకిచ్చెయ్.

అయిపోయాక నలుపునీ తెలుపునీ ఒకే కవర్లో వెయ్యకు, నాలుగు రోజులకి తెలుపు బూడిద రంగుకి తిరుగుతుంది. పెళుసుగా ఉండే గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో కూడా వద్దు, లూర్‌లోని ప్లాస్టిసైజర్ ఆ పెట్టెనే కరిగించి జిగురు చేస్తుంది. మామూలు పాలిథిన్ జిప్ కవర్లయితే ఏమీ కాదు. మన ఎండాకాలంలో కారులో మాత్రం వదిలెయ్యకు, తోకలన్నీ మెలితిరిగిపోతాయి.

కాలువగట్టు (విజయవాడ):

ప్లాస్టిక్ పెట్టె సంగతి ఇప్పుడు అర్థమైంది, నా టాకిల్ బాక్స్ ఒక గడి అడుగు జిగటగా ఎందుకుందా అనుకుంటున్నా. టీషర్ట్ ప్రింటింగ్ వాళ్ళని రేపు అడుగుతాను. నలుపు, తెలుపు రెండూ దొరికితే సగం ఎవరికైనా కావాలా? డబ్బా మొత్తం నాకు అక్కర్లేదు.

కొమ్మమూరు కాలువ (గుంటూరు జిల్లా):

తెలుపు నాకు పక్కన పెట్టు బ్రో, ఆదివారం బ్యారేజీ వైపు వస్తున్నా.